తోస్తేనే స్టార్టయ్యే ట్రాక్టరు

ట్రాక్టరు మెకానిక్‌గా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం పటాన్‌చెరు రోడ్డు మీద ఒక డీలరు వర్క్‌షాపులో గడిచింది. ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఫోర్‌మన్‌నయ్యాను, రిటైరైన రోజు ఎవరెవరు దండలు వేశారు అన్నవి ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరి ఇంజనూ స్టార్టవదు. ఐటీఐ చదివి ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొచ్చేది ఒక్కటే నా దగ్గరుంది. నేను చేసిన తప్పు, దాన్ని నేనే పట్టుకున్న పద్ధతి. తప్పు గురించి చెబుతున్నానని తల దించుకుని రాస్తున్నాననుకోకండి. నా పనిలో నాకు అన్నింటికన్నా గర్వంగా అనిపించేది ఇదే.

నిప్పురవ్వ లేని ఇంజను

బైకుల మీద చేయి తిరిగినవాళ్లు ట్రాక్టరు దగ్గరికి రాగానే ప్లగ్ ఎక్కడుందని వెతుకుతారు. వెతకనిచ్చి, కాసేపు నవ్వుకుని, తర్వాత చెప్పేవాణ్ని. డీజిల్ ఇంజనుకు ప్లగ్గూ లేదు, నిప్పురవ్వా లేదు. పిస్టన్ పైకి వచ్చి గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలి కాలిపోయేంత వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడే పంపు డీజిల్‌ను చిమ్మాలి. అది మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఎప్పుడు చిమ్మాలన్నదే టైమింగ్. పిస్టన్ కొనకు చేరడానికి కొంచెం ముందే చిమ్మాలి. ఆ ముందు ఎంతన్నది ప్రతి మోడలుకూ కంపెనీవాడి పుస్తకంలో ఉంటుంది.

ఆలస్యంగా చిమ్మితే ఇంజను వేడి మీద ఎలాగో నడిచిపోతుంది కానీ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రం మొరాయిస్తుంది. సెల్ఫ్ కొడితే గిర్రున తిరుగుతుంది, తెల్లపొగ వదులుతుంది, అందుకోదు. ఈ సంగతి నాకు చేరిన మొదటి ఏడాదిలోనే తెలుసు. తెలిసీ ఎలా బోల్తాపడ్డానో చెబుతాను.

ఖాజా మియా

నాకు పని నేర్పింది ఖాజా మియా. సంగారెడ్డి మనిషి. సగం ఉర్దూ, సగం తెలుగు, మిగిలింది తిట్లు. ఆ రోజుల్లో చాలామంది మెకానిక్‌లు ఇంజను చప్పుడు విని, పంపును ఇటు కొంచెం అటు కొంచెం జరిపి టైమింగ్ అయిపోయిందనేవాళ్లు. అలా చేస్తే ఖాజా మియాకు ఒళ్లు మండేది. చెవి మోసం చేస్తుంది, గుర్తు మోసం చేయదు అనేవాడు. గుర్తు అంటే ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, దాని మీద కంపెనీవాడు కొట్టిన గీత. పక్కనున్న చిన్న కిటికీ మూత తీసి చూస్తే కనిపిస్తుంది. ఆ గీత కిటికీలో ముల్లుకు ఎదురుగా వచ్చినప్పుడు పంపు చిమ్మడం మొదలుపెట్టాలి.

ఆయన పోయాక వర్క్‌షాపులో ఆ గీతను నాలాగా పట్టుకోగలవాడు లేడు. వెంట్రుక వాసి తేడా రానిచ్చేవాణ్ని కాదు. జోగిపేట నుంచి కూడా టైమింగ్ పనికి నన్ను అడుగుతూ వచ్చేవాళ్లు. గొప్ప చెప్పుకుంటున్నాను, చెప్పుకోనివ్వండి.

మానెమ్మ

తొంభైల నడుమ సంగతి. కొండాపూర్ వైపు ఒక ఊరి నుంచి మానెమ్మ అనే ఆవిడ తన ట్రాక్టరు తానే నడుపుకుంటూ వచ్చేది. మొదటిసారి గేటులోకి వచ్చినప్పుడు పనివాళ్లంతా పానాలు వదిలేసి చూశారు. ఆమె మామ కొన్న బండి అది, అప్పటికే పాతది. మామ పోయాడు. భర్త రాములు పటాన్‌చెరులో మందుల కంపెనీలో చేరాడు. డ్రైవరును పెడదామంటే ఊళ్లో కుర్రవాళ్లంతా ఫ్యాక్టరీల్లోనే ఉన్నారు. దాంతో ఆమే నేర్చుకుంది. సొంత చేను దున్నుకుని, చుట్టుపక్కల వాళ్లవీ కిరాయికి దున్నేది. సాళ్లు ఆమె దున్నినంత తిన్నగా మగవాళ్లు కూడా దున్నరని ఆ ఊరివాళ్లే చెప్పారు.

ఆమె కష్టం ఒకటే. పొద్దున బండి స్టార్టవదు. ఒకసారి అందుకుంటే రోజంతా నడుస్తుంది. ఎంత తొక్కినా లాగుడు కూడా ముందటిలా లేదంది. బండి ముసలిదైతే లాగుడు తగ్గుతుందని నేను పెద్దమనిషిలా సమాధానం చెప్పాను.

మూడుసార్లు వచ్చింది. ఆమె ఊరి నుంచి మా దగ్గరికి చేరేసరికి పదకొండయ్యేది. అప్పటికి ఇంజను వేడెక్కి ఉంటుంది. ఆపి సెల్ఫ్ కొడితే ఒక్క తిప్పుకే అందుకునేది. మొదటిసారి బ్యాటరీ తీగలు శుభ్రం చేసి పంపాను. రెండోసారి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి సరిచేశాను. మూడోసారి పంపును విప్పి పంపుల షాపులో పరీక్ష చేయించి, తిరిగి బిగించి, టైమింగ్ స్వయంగా పెట్టాను. గీత ముల్లు మీద సూది మొనలా కూర్చుంది. ఇక దీని జోలికి ఎవరూ వెళ్లనక్కర్లేదని జాబ్ కార్డు మీద సంతకం చేశాను.

వారం తిరక్కుండానే ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి బండి తేలేదు, బస్సులో వచ్చింది. పాత ఇనుం కొనే అతను బండి చూసిపోయాడనీ, మిరుగం లోపు లారీ పంపుతానన్నాడనీ, భర్త సరేనన్నాడనీ చెప్పింది. మిరుగమంటే తొలకరి దున్నకాలు మొదలయ్యే కార్తె. అప్పటికి ఇంకా తొమ్మిది రోజులుంది.

"బండి పోతే నేనేం చెయ్యాలె అన్నా? ఆయన లెక్కనే గా బస్సెక్కి ప్యాకింగ్‌కు పోవుడేనా? నాకు దున్నుడు వస్తది. గది ఒక్కటే మంచిగ వస్తది" అంది.

ఆ మాట సూటిగా నాకు తగిలింది. నాకూ ఒక్క పనే మంచిగా వస్తుంది. అది తీసేస్తే నేనెవర్ని? పొద్దున్నే మీ ఇంటికి వస్తాను, బండి ముట్టుకోకుండా ఉంచమన్నాను.

ఐదున్నర బస్సు

కొత్తవాళ్లు ఈ ఒక్క ముక్క రాసిపెట్టుకోండి. పొద్దున స్టార్టవని బండిని పొద్దునే చూడాలి, అది ఉన్న చోటే చూడాలి. వేడి ఇంజను మీద చేసిన పరీక్ష పరీక్షే కాదు. మూడుసార్లు నేను చేసింది అదే. రోగిని జ్వరం తగ్గాక చూసి ఏమీ లేదు పొమ్మన్నట్టు.

స్కూటరు మీద ఐదుకల్లా వెళ్లాను. వాళ్ల వాకిలి చదును నేల. కొందరు రైతులు ఇలాంటి బండిని దిబ్బ మీద నిలుపుకుని పొద్దున్నే జారుడు మీద స్టార్ట్ చేసుకుంటారు. ఆ ఊళ్లో దిబ్బ లేదు. మానెమ్మ సెల్ఫ్ కొట్టింది. బ్యాటరీ బాగుంది, ఇంజను జోరుగా తిరిగింది, తెల్లపొగ వాకిలంతా కమ్మింది, కళ్లు మండాయి. అందుకోలేదు.

అప్పుడామె దిగి వీధిలోకి వెళ్లింది. ఏం చేస్తుందా అని నేనూ వెనకే వెళ్లాను. కంపెనీ బస్సు ఐదున్నరకు ఊరి మొగదలకు వస్తుంది. పనికి పోయే మగవాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఇళ్లలోంచి బయటికి వస్తున్నారు. ఆమె ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి తమ్మీ, బావా, మామా అంటూ ఒక్క చెయ్యి వెయ్యమని అడిగింది. ఒకడు బస్సుకు టైమైందని తప్పించుకున్నాడు. ఒకడు నసుగుతూనే వచ్చాడు. నలుగురు కూడారు, రాములు ఐదోవాడు. తోశారు. వీధి చివరిదాకా తోస్తే అందుకుంది. వాళ్లు చేతులు దులుపుకుని బస్సుకు పరిగెత్తారు.

బస్సు పోయాక ఆ ఊళ్లో తోసేవాడు ఉండడు. అందుకని ఆమె ఇంజను ఆపదు. సాయంత్రం దాకా ఆపదు. అన్నం తినేటప్పుడు గట్టు పక్కన బండి ఊరికే మోగుతూనే ఉంటుంది. వేడి మీద అందుకుంటుందని తెలిసినా ధైర్యం చాలక డీజిల్ పోసేటప్పుడు కూడా ఆపదు. ఏదైనా పొరపాటున ఆగి చల్లారిపోతే ఆ రోజుకు పని బందే. రాములుకు రాత్రి డ్యూటీ పడిన వారాల్లో ఐదో చెయ్యి ఉండదు, అప్పుడు బతిమాలడం ఇంకా ఎక్కువ. ఇదంతా ఆమె నాకు చెప్పిన ఫిర్యాదు కాదు, నేను అడిగితే చెప్పింది. మూడుసార్లు బండి తెచ్చినప్పుడు నేనడగలేదు.

ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాను. క్లచ్ పని చేయించిన కాణ్నుంచి అంది. ఆ పని ఎవరు చేశారని అడగబోయి నోరు మూసుకున్నాను. చేసింది నేనే.

కందకు లేని దురద

స్కూటరు తోలుకుంటూ వస్తుంటే అంతా గుర్తొచ్చింది. రెండేళ్ల కింద క్లచ్ పనికి బండి విప్పినప్పుడు ఫ్లైవీల్ పళ్లు అరిగిపోయి ఉన్నాయి. కొత్తది వెంటనే దొరకలేదు. పాత సామాను దుకాణంలో అదే కంపెనీ బండిది ఒకటి దొరికింది. అదే కొలత, బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి. బిగించాక ఒకసారి టైమింగ్ చూద్దామనుకున్నాను. ఆమె అడగలేదు, జాబ్ కార్డులో లేదు. చూస్తే గీత తేడాగా ఉంది. ఎవడో చెవితో పెట్టినట్టున్నాడని నవ్వుకుని, పంపు జరిపి గీతకు సరిపెట్టాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు చూడండి, అదే.

ఆ చక్రం వేరే మోడలుది అయితే? దాని మీది గీత ఆ మోడలు కోసం కొట్టింది అయితే? సరిగ్గా ఉన్న టైమింగును నేనే చెడగొట్టి ఉంటాను. తర్వాత మూడోసారి పంపు విప్పినప్పుడు అదే తప్పును వెంట్రుక వాసి తేడా లేకుండా మళ్లీ పెట్టాను. ఖాజా మియా గుర్తును నమ్మమన్నాడు. ఆ గుర్తు ఈ బండిదేనా అని అడగమని ఆయన చెప్పలేదు, నాకూ తోచలేదు.

వర్క్‌షాపుకు వెళ్లి మేనేజరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి జీతమూ ఆపినవాడు కాదు, ఎండలో నిలబడ్డ రైతుకు ముందు నీళ్లిచ్చి తర్వాత మాట్లాడే మనిషి. కానీ భయస్థుడు. తలుపు దగ్గరికి వేయమన్నాడు.

"సత్తయ్యా, వెళ్లి బాగుచేసి రా. కానీ మన తప్పని మాత్రం చెప్పకు. పంపులోనే ఏదో ఉందను. రేపటినుంచి ప్రతివాడూ తన బండి మనమే చెడగొట్టామంటాడు" అన్నాడు.

సామాన్ల పెట్టె సర్దుకున్నాను. ఆ సలహాలో తెలివి లేకపోలేదు. అయినా ఒక సంగతి చెబుతాను. తప్పు దాచిన మెకానిక్ ఆ బండి మళ్లీ గేటులోకి వచ్చినప్పుడల్లా వంగి వంగి మాట్లాడాలి. నాకది చేతకాదు. పొగరంటే పొగరే అనుకోండి.

వాల్వుకు కట్టిన దారం

మర్నాడు ఆదివారం. మానెమ్మ ఇంటి వాకిట్లోనే పని పెట్టుకున్నాను. ఏ గుర్తునూ నమ్మకుండా పిస్టన్ కొన ఎక్కడుందో కనుక్కునే పద్ధతి ఒకటుంది. పాతదే, మరిచిపోతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఇంజను పైమూత తీసి ఒకటో సిలిండరు వాల్వు మీది స్ప్రింగు తీసేయాలి. వాల్వు మెల్లగా జారి పిస్టన్ నెత్తిన కూర్చుంటుంది. ఇంజనును చేత్తో తిప్పితే పిస్టన్‌తో పాటే లేస్తుంది, దిగుతుంది. పొరపాటున లోపలికి పడిపోతే ఇంజను మొత్తం విప్పాల్సిందే. అందుకని దాని కొనకు గట్టి దారం కట్టి పట్టుకోవాలి. మానెమ్మ కుట్టుమిషను దారం నాలుగు పేటలు వేసి ఇచ్చింది. నేను దారం పట్టుకున్నాను, ఆమె ముందున్న పుల్లీకి పానా వేసి తిప్పింది. తిప్పడంలో ఆమెకున్న నిదానం నా కింద పనిచేసినవాళ్లలో ఇద్దరికి కూడా లేదు.

పిస్టన్ కొన దగ్గర కాసేపు నిలబడ్డట్టే ఉంటుంది కాబట్టి కంటితో చూసి ఇదే కొన అనకూడదు. ఎక్కేటప్పుడు వాల్వు ఒక ఎత్తుకు రాగానే పుల్లీ మీద సున్నపుగీత పెట్టాను. దిగేటప్పుడు అదే ఎత్తు దగ్గర ఇంకో గీత పెట్టాను. రెండింటి నడుమ చోటే అసలు కొన. పుల్లీ చుట్టూ కాగితం చుట్టి కొలిచి, పుస్తకంలో ఉన్న ఇరవై నాలుగు డిగ్రీలకు, అంటే చుట్టుకొలతలో పదిహేనో వంతుకు, కొన ముందు ఇంకో గీత గీశాను. డీజిల్ చిమ్మాల్సింది అక్కడ.

ఆ గీతకు ఇంజనును నిలిపి వెనక కిటికీ మూత తీశాను. ఫ్లైవీల్ గీత ముల్లు దగ్గర లేదు. ముల్లుకు చేరకుండా ఇంకా కిందుంది. నేను రెండుసార్లు అంత శ్రద్ధగా పెట్టిన టైమింగ్ ఎనిమిది డిగ్రీలు ఆలస్యం.

మానెమ్మను పిలిచి చూపించాను. ఆమె వంగి కిటికీలోకి చూసింది, ముందుకొచ్చి పుల్లీ మీది సున్నపుగీత చూసింది, మళ్లీ వెనక్కి వెళ్లింది.

"అంటే గీ చక్రం వేరే బండిదా?" అని అడిగింది.

"వేరే బండిదే అక్కా. తెచ్చి వేసింది నేనే. నువ్వు అడగకున్నా మంచిగున్న టైమింగు మార్చింది గూడ నేనే. పంపుల ఏం లేదు, నీ ఇంజనుల ఏం లేదు. తప్పు నాది. మాఫ్ చెయ్యి."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. కోపం చేస్తే బాగుండుననిపించింది. కోపం చేయలేదు.

"నువ్వు ఒక్కపారి అడిగినవ్ అన్నా. నేను రెండేండ్ల సంది దినాం నలుగురిని అడిగిన" అంది.

నా సర్వీసులో చాలామంది నన్ను తిట్టారు. కొందరు రైతులు కాలరు పట్టుకున్నారు. ఏదీ ఇంత లోతుకు దిగలేదు. నేను చెడగొట్టింది టైమింగ్ అనుకుంటూ ఉన్నాను. పొద్దున్నే తలుపు తలుపుకూ తిరిగి ఒక్క చెయ్యి వెయ్యమని అడగాల్సిన స్థితిలో ఒక మనిషిని పెట్టానని అప్పుడు తెలిసింది. ఆమే "కానియ్, జల్దీ చెయ్యి, పొద్దు పోతున్నది" అని పానా అందుకుంది.

వాల్వు స్ప్రింగు తిరిగి ఎక్కించాను. పంపు ఒకటో గొట్టం విప్పి, దాని నోట్లో నిలిచిన డీజిల్‌ను చూస్తూ ఇంజనును అణువణువుగా తిప్పించాను. ఆ డీజిల్ ఉబికి కదిలిన క్షణమే పంపు చిమ్మడం మొదలుపెట్టే క్షణం. అది పుల్లీ గీత దగ్గర జరిగేలా పంపును జరిపి బిగించాను. సుత్తీ ఉలీ తీసుకుని ఫ్లైవీల్ మీది పాత గీతను చెరిపేశాను. కిటికీలో ముల్లుకు ఎదురుగా ఎక్కడుండాలో అక్కడ కొత్త గీత కొట్టాను. సాయంత్రం స్టార్ట్ చేసి చూద్దామని రాములు అన్నాడు. వద్దన్నాను. ఎండకు కాగిన బండి ఇప్పుడు స్టార్టయితే నాకు సంతోషం, మీకేం తెలియదు, రాత్రంతా చల్లబడనీయండి అన్నాను.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. నేను ఒప్పేసుకున్నానని తెలిసి మేనేజరు గారు నెలరోజులు ముఖం చాటేశాడు. ఆయన భయపడ్డట్టు ఎవరూ గొడవకు రాలేదు. కొండాపూర్ వైపు ఊళ్ల నుంచి బండ్లు రాసాగాయి. తన తప్పు తానే చెప్పిన మెకానిక్ ఎవరని గేటు దగ్గర అడిగేవాళ్లు. మొండి బండి ఏది వచ్చినా మేనేజరు గారే నా దగ్గరికి పంపేవాడు. ఏది పంపినా ఆ రోజు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సోమవారం పొద్దున

ఐదుకు పదిహేను నిమిషాల ముందే చేరాను. నిద్ర పట్టలేదు కాబట్టి చేరడం కష్టం కాలేదు. వాకిట్లో బండి రాత్రంతా ఆరి చల్లగా ఉంది. చేయి వేసి చూశాను. ఆ ఎండల్లో అంతకన్నా చల్లగా ఏ ఇంజనూ ఉండదు. ఇనుం లారీ వచ్చేందుకు వారం కూడా లేదు.

ఆ రోజు మానెమ్మ వీధిలోకి వెళ్లలేదు. అయినా అలవాటు చొప్పున వాళ్లే వచ్చారు. పాపం, నసిగేవాళ్లే గానీ చెడ్డవాళ్లు కారు. టిఫిన్ డబ్బాలు గోడ మీద పెట్టి, రాములుతో కలిసి ఐదుగురూ వెనక నిలబడి మడ్‌గార్డుల మీద చేతులు ఆనించారు. ఆమె వద్దనలేదు. సీటు మీదికెక్కి, గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూసుకుని సెల్ఫ్ నొక్కింది.

రెండో తిప్పుకు అందుకుంది. పొగ గొట్టంలోంచి పలచగా ఒక్క ఊపిరి వచ్చి పోయింది. ఇంజను గొంతు నిలకడగా ఉంది. నాకు కళ్లు తడిశాయి. చెప్పుకోవడానికి సిగ్గులేదు. ఐదుగురూ చేతులు తీయడం మరిచిపోయి అలాగే నిలబడ్డారు.

మానెమ్మ ఇంజను ఆపేసింది. రాములు కంగారుగా "ఎందుకు బంద్ చేసినవే" అన్నాడు. ఆమె మళ్లీ సెల్ఫ్ నొక్కింది. అందుకుంది. మళ్లీ ఆపింది, మళ్లీ నొక్కింది. నేను లెక్కపెట్టాను, ఐదుసార్లు చేసింది. ఊరి మొగదల బస్సు హారను మోగుతోంది. ఒక్కడూ కదల్లేదు.

ఆమె గేరు వేసి వెనక్కి తిరిగి వాళ్లను చూసింది.

"ఇగ పోండ్రి. మీ బస్సు పోతది" అంది.